ఒకేచోట వరసగా భూకంపాలు వస్తుంటే మ్యాప్‌లో ఏం చూడాలి?

ఫలానా చోట వారంలో వందల భూకంపాలు అని వార్త రాగానే అందరూ అడిగేది ఒకటే, పెద్దది రాబోతోందా అని. తేదీ, టైము చెప్పి ముందే హెచ్చరించే పద్ధతి ఇప్పటివరకు ఎవరి దగ్గరా లేదు. అందుకే అలా చెప్పే వీడియోలు వదిలేసి నేరుగా మ్యాప్ తెరవండి.

అమెరికా భూగర్భ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ సైట్‌లో లేటెస్ట్ ఎర్త్‌క్వేక్స్ మ్యాప్ ఉంటుంది. సెట్టింగ్స్‌లో ఏడు రోజులు, అన్ని తీవ్రతలు ఎంచుకుని, ప్లేట్ బౌండరీస్‌కు టిక్ పెడితే భూకంపాల చుక్కలు భూమి పైపొరలోని పెద్దపెద్ద ఫలకాల సరిహద్దుకు ఎంత దగ్గరగా పడుతున్నాయో కనిపిస్తుంది. అమెరికా బయట వచ్చే చిన్నచిన్నవి మాత్రం అందులో దాదాపు ఉండవు, కాబట్టి ఐస్‌లాండ్ గురించైతే అక్కడి వాతావరణ శాఖ సైట్, జపాన్ గురించైతే జపాన్ వాతావరణ సంస్థ సైట్ చూడండి.

జాబితాను టైము ప్రకారం పెట్టుకుని తీవ్రతలు చదవండి. మామూలుగా ఒక పెద్ద భూకంపం వచ్చి, దాని వెనక చిన్నవి వస్తూ రోజురోజుకీ తగ్గిపోతాయి. ఒకేచోట గుంపుగా వరసపెట్టి వచ్చే వాటిని స్వార్మ్ అంటారు, అందులో అలా ఉండదు, 3.9, 4.2, 3.7, 4.1 అంటూ ఇంచుమించు ఒకే సైజువి వారాల తరబడి వస్తూనే ఉంటాయి. లోతు దగ్గర అన్నిటికీ కచ్చితంగా 10 కి.మీ. అని ఉంటే నమ్మేయకండి, దగ్గర్లో భూకంపాలను నమోదుచేసే స్టేషన్లు సరిపడా లేక లోతు తేలనప్పుడు ఆ అంకె పెట్టేస్తారు.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం చుక్కలు కదులుతున్నాయా లేదా అన్నది. నిన్నటివి, ఇవాళ్టివి విడివిడిగా చూడండి. 2023 నవంబరులో ఐస్‌లాండ్‌లోని రెక్యానెస్ ద్వీపకల్పంలో ప్రకంపనలు ఒక గీతలా బారుగా సాగి గ్రిండావిక్ ఊరి కిందికి వచ్చేశాయి, అంటే శిలాద్రవం రాళ్లను చీల్చుకుంటూ పక్కలకు పాకుతోందన్నమాట. నవంబరు 10 రాత్రి ఊరంతా ఖాళీ చేయించారు, డిసెంబరు 18న ఊరికి దగ్గర్లోనే నేల చీలి లావా ఎగజిమ్మింది. 2025 మొదట్లో గ్రీసులోని శాంటొరిని, అమోర్గోస్ దీవుల మధ్య కూడా వేల భూకంపాలు వచ్చాయి, వేలమంది దీవి విడిచి వెళ్లారు, కానీ తీవ్రత 5.3 దగ్గరే ఆగింది, అగ్నిపర్వతమూ పేలలేదు.

చిన్నవి వస్తున్నాయి కాబట్టి ఒత్తిడి దిగిపోతోంది, ఇక భయం లేదు అనే మాట చాలా ప్రమాదం. తీవ్రత ఒక అంకె పెరిగితే శక్తి సుమారు 32 రెట్లు అవుతుంది, కాబట్టి ఒక్క 6 విడుదల చేసే శక్తికి 4లు వెయ్యి దాకా కావాలి! చాలా స్వార్మ్‌లు ఏ పెద్ద భూకంపమూ లేకుండానే సద్దుమణుగుతాయి, నిజమే. కానీ ఇటలీలోని లాక్విలాలో నెలల తరబడి చిన్నవి వచ్చాక 2009 ఏప్రిల్ 6న తెల్లవారుజామున 6.3 వచ్చి 300 మందికి పైగా చనిపోయారు.

అందుకని స్వార్మ్ నడుస్తున్న చోట ఉంటే టెన్షన్ పడుతూ కూర్చోకుండా ఇవాళే బీరువాలు గోడకు బిగించండి, మంచం పైనున్న అద్దాలు, ఫ్రేములు తీసేయండి, చెప్పులు, టార్చి చేతికందేలా పెట్టుకోండి. కుదుపు మొదలైతే బయటికి పరుగెత్తకుండా గట్టి బల్ల కింద దూరి తల కాపాడుకోండి. సముద్రం ఒడ్డున ఉండి కుదుపు గట్టిగా వచ్చినా, ఎక్కువసేపు ఊగినా, అది ఆగిన వెంటనే సునామీ సైరన్ కోసం చూడకుండా ఎత్తైన చోటికి వెళ్లిపోండి.