మీ ప్రాంతంలో సాధారణ వ్యాధులు, పోషకాహార స్థితిపై సర్వే చేయడం ఎలా?

ఒక ప్రాంతంలో ఎంతమంది పిల్లలు వయసుకు తగినట్టు ఎదగడం లేదో, ఎంతమంది స్త్రీలు రక్తహీనతతో ఉన్నారో, ఏయే కుటుంబాల్లో జ్వరాలు, విరేచనాలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయో ఆసుపత్రి రిజిస్టర్లు చూసి తెలుసుకోలేం. వైద్యం కోసం వచ్చినవారి పేర్లే అక్కడ ఉంటాయి. రాలేనివారు, రావలసిన అవసరం ఉందని తెలియనివారు ఆ లెక్కలోకి ఎక్కరు. అసలు పరిస్థితి తెలియాలంటే ఇంటింటికీ వెళ్ళి, పద్ధతి ప్రకారం అడిగి, జాగ్రత్తగా కొలవాలి. ప్రజారోగ్య విద్యార్థులు, ఆరోగ్య కార్యకర్తలు, స్వచ్ఛంద సంస్థల సభ్యులు ఇలాంటి సర్వేను చిన్న స్థాయిలో ఎలా చేపట్టవచ్చో ఈ వ్యాసం వివరిస్తుంది. ఏ ఇళ్ళను వదిలేశాం, కొలతలు ఎంత సరిగా తీశాం అన్న రెండు విషయాలే సర్వే విలువను నిర్ణయిస్తాయని నా నమ్మకం. అందుకే ఆ రెండింటికీ ఇక్కడ ఎక్కువ చోటు ఇచ్చాను.

1. ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకోండి

"ఈ ప్రాంత ప్రజల ఆరోగ్యం ఎలా ఉంది?" అనే ప్రశ్నకు ఏ సర్వే కూడా జవాబు చెప్పలేదు. "ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో ఎత్తుకు తగ్గ బరువు లేనివారు నూటికి ఎంతమంది?" అని అడిగితే చెప్పగలదు. ఎవరి గురించి, ఏ సమస్య గురించి, ఏ కాలానికి సంబంధించి అడుగుతున్నామో ఆ వాక్యంలోనే తేలిపోవాలి.

ఒకేసారి జరిపే సర్వే, ఆ సమయానికి ఒక సమస్య ఎంతమందిలో ఉందో చెబుతుంది. కొత్తగా ఎంతమందికి వస్తోందో తెలియాలంటే అవే కుటుంబాలను కొంతకాలం పాటు గమనిస్తూ ఉండాలి. గత శతాబ్దం తొలినాళ్ళలో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో చర్మాన్ని, జీర్ణవ్యవస్థను, మెదడును దెబ్బతీసే పెల్లాగ్రా వ్యాధి వ్యాపించినప్పుడు, అది అంటువ్యాధి అని చాలామంది వైద్యులు నమ్మారు. వైద్యుడు జోసెఫ్ గోల్డ్‌బర్గర్, ఆర్థికవేత్త ఎడ్గార్ సిడెన్‌స్ట్రికర్ కలిసి 1916లో దక్షిణ కరోలినాలోని ఏడు నూలు మిల్లు గ్రామాల్లో అధ్యయనం మొదలుపెట్టారు. వారి బృందం ఇంటింటికీ పదేపదే వెళ్ళి కొత్త రోగులను గుర్తించింది, కుటుంబాల ఆదాయాన్ని, కొన్న ఆహార పదార్థాలను నమోదు చేసింది. ఆదాయం తగ్గేకొద్దీ వ్యాధి పెరగడం, పాలు, తాజా మాంసం అందుబాటులో ఉన్న ఇళ్ళలో అది తక్కువగా ఉండడం ఆ వివరాల్లో బయటపడింది. నియాసిన్ అనే బి విటమిన్ లోపమే ఈ వ్యాధికి మూలమని 1937లో గానీ తేలలేదు. అయినా ఆహారంలోనే కారణం ఉందని ఆ ఇంటింటి లెక్కలు అంతకు ఎంతో ముందే చూపించాయి. వ్యాధినీ ఆహారాన్నీ ఆదాయాన్నీ ఒకే కుటుంబంలో, ఒకే కాలంలో కలిపి చూడడం వల్లనే అది సాధ్యమైంది. మీ ప్రశ్న ఎంత చిన్నదైనా ఈ మూడింటినీ విడదీయకండి.

2. అనుమతి, సమ్మతి, వైద్య సహాయం ముందే ఏర్పాటు చేసుకోండి

మనుషులపై జరిపే పరిశోధనకు, పాల్గొనేవారి హక్కులను, భద్రతను చూసే ఎథిక్స్ కమిటీ ఆమోదం తప్పనిసరిగా తీసుకోవాలి. వైద్య పరిశోధన నీతిసూత్రాలను చెప్పే 1964 నాటి హెల్సింకీ ప్రకటనలో 1975 సవరణతో ఇది భాగమైంది. ఎందుకు వచ్చామో, ఏమి కొలుస్తామో, రక్తం తీస్తే ఎంత తీస్తామో ఇంటివారికి అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. వద్దన్నా వారికి అందే ఏ సేవా ఆగదని స్పష్టం చేసి, ఆ తర్వాతే సమ్మతి అడగాలి. పిల్లల విషయంలో తల్లి, తండ్రి లేదా సంరక్షకుల సమ్మతి కావాలి.

తీవ్రమైన పోషకాహార లోపం ఉన్న బిడ్డో, ప్రమాదకరమైన రక్తపోటు ఉన్న మనిషో కనిపిస్తే ఎక్కడికి పంపాలో సర్వే మొదలుకాక ముందే నిర్ణయించుకుని, ఆ వైద్య కేంద్రంతో మాట్లాడి ఉంచాలి. జబ్బును గుర్తించి, కాగితంపై రాసుకుని వెళ్ళిపోయే హక్కు పరిశోధకులకు లేదు.

3. ఏ ఇళ్ళకు వెళ్ళాలో చీటీ నిర్ణయించాలి

దారికి దగ్గరగా ఉన్న ఇళ్ళు, పలకరిస్తే నవ్వుతూ మాట్లాడే ఇళ్ళు ఎంచుకోవాలనే కోరిక ప్రతి బృందానికీ కలుగుతుంది. ఆ కోరికకు లొంగితే ఫలితం వాస్తవం కన్నా మెరుగ్గా కనిపిస్తుంది. ముందుగా ప్రాంతంలోని ఇళ్ళన్నిటి జాబితా తయారు చేయండి. శివార్లలోని గుడిసెలు, అద్దె గదులు, పని కోసం వచ్చి తాత్కాలికంగా ఉంటున్న కుటుంబాలు పాత జాబితాల్లో సాధారణంగా ఉండవు కనుక స్వయంగా తిరిగి చూసి వాటిని చేర్చాలి. ఆ తర్వాత చీటీలు తీసి గానీ, కంప్యూటర్ ఇచ్చే యాదృచ్ఛిక సంఖ్యలతో గానీ ఇళ్ళను ఎంపిక చేయాలి.

ఎంతమందిని చూడాలన్నది అంచనాతో తేల్చవచ్చు. సమస్య సుమారు 30 శాతం మందిలో ఉంటుందనుకుని, ఫలితం 5 శాతం అటూ ఇటూగా ఉంటే చాలనుకుంటే, 95 శాతం విశ్వాస స్థాయిలో (అంటే ఇలాంటి సర్వేలు వంద చేస్తే సుమారు 95 సార్లు అసలు విలువ ఆ హద్దుల్లోనే ఉంటుందన్న లెక్కన) 323 మంది కావాలి. ఇది మొత్తం జాబితా నుంచి విడివిడిగా ఎంపిక చేసినప్పటి లెక్క. కొన్ని వీధులను లేదా గ్రామాలను ఎంచుకుని, వాటిలో మాత్రమే ఇళ్ళు చూస్తే, ఇరుగుపొరుగు వారి పరిస్థితులు ఒకేలా ఉంటాయి కనుక ఒక్కొక్కరి నుంచి దొరికే కొత్త సమాచారం తగ్గుతుంది. అందుకోసం సంఖ్యను రెట్టింపు చేస్తే 646 అవుతుంది. నూటికి పదిమంది అందుబాటులో ఉండరనుకుంటే 718 మందిని జాబితాలో పెట్టుకోవాలి.

తాళం వేసి ఉన్న ఇంటిని వదిలి పక్కింటికి వెళ్ళడం ఈ రంగంలో చాలా తరచుగా జరిగే తప్పు. పగలంతా కూలికి వెళ్ళేవారి ఇల్లే తాళం వేసి ఉంటుంది, రోగితో ఆసుపత్రిలో ఉన్నవారి ఇల్లు కూడా అలాగే ఉంటుంది. పక్కింటిని లెక్కలోకి తీసుకోవడమంటే మనం వెతుకుతున్న సమస్యనే తప్పించుకోవడం. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి, సెలవు రోజున మరోసారి ప్రయత్నించండి. అప్పటికీ కలవకపోతే "కలవలేదు" అని నమోదు చేయండి.

4. కొలతలు: ఇక్కడ తొందరపడవద్దు

పిల్లల పోషణ స్థితి వయసు, బరువు, ఎత్తు అనే మూడు సంఖ్యలపై ఆధారపడుతుంది. వీటిలో ఎక్కువగా తప్పేది వయసే. రెండో ఏట పిల్లలు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతారు. ఒకే వయసు పిల్లల ఎత్తులు సగటుకు మామూలుగా ఎంత అటూ ఇటూ ఉంటాయో చెప్పే ప్రామాణిక విచలనం రెండేళ్ళ వయసులో సుమారు మూడు సెంటీమీటర్లు. అంటే వయసును మూడు నెలలు ఎక్కువ రాస్తే చాలు, మామూలు బిడ్డ స్థానం ఒక మెట్టు దిగిపోతుంది. జనన ధ్రువపత్రం లేదా టీకాల కార్డు చూసి పుట్టిన తేదీ రాయండి. అవేవీ లేకపోతే ఆ ప్రాంతంలో అందరికీ గుర్తున్న సంఘటనలతో ఒక క్యాలెండర్ తయారు చేసుకుని, వాటికి ముందా తర్వాతా అని అడుగుతూ నెలను నిర్ధారించండి.

ఎత్తును రెండేళ్ళ లోపు పిల్లలకు పడుకోబెట్టి, ఆపై వయసు వారికి నిలబెట్టి కొలుస్తారు. పడుకోబెట్టి తీసిన కొలత నిలబెట్టి తీసిన దానికన్నా సుమారు 0.7 సెంటీమీటర్లు ఎక్కువ వస్తుంది కనుక, పద్ధతి మారితే ఆ మేరకు సవరించాలి. ఈ పనికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు తలను, మరొకరు మోకాళ్ళను, పాదాలను సరిగా పట్టుకోవాలి. తలలో క్లిప్పులు, జడలు ఉంటే తీయించాలి. బరువు తూచేటప్పుడు వీలైనంత తక్కువ దుస్తులు ఉండాలి. యంత్రాన్ని ప్రతి ఉదయం బరువు తెలిసిన వస్తువుతో సరిచూడాలి.

ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలకు ఎడమ జబ్బ చుట్టుకొలత కూడా తీయండి. భుజం కొనకూ మోచేతి కొనకూ సరిగ్గా మధ్యలో గుర్తు పెట్టి, చేయి వదులుగా వేలాడుతుండగా, టేపు చర్మాన్ని నొక్కకుండా, వదులుగా జారకుండా చుట్టాలి. 115 మిల్లీమీటర్ల కన్నా తక్కువ ఉంటే తీవ్రమైన లోపం, 115 నుంచి 125 లోపు ఉంటే మధ్యస్థ లోపం. రెండు పాదాలపైనా బొటనవేళ్ళతో మూడు సెకన్లు నొక్కి చూడండి. రెండింటిలోనూ గుంట నిలిచిపోతే అది పోషకాహార లోపం వల్ల వచ్చిన వాపు కావచ్చు. చుట్టుకొలత ఎంత ఉన్నా ఆ బిడ్డను ఆలస్యం చేయకుండా వైద్యం కోసం పంపాలి.

రక్తహీనతకు హిమోగ్లోబిన్ పరీక్ష చేయాలి. కనురెప్పల లోపలి రంగు చూసి నిర్ణయించకూడదు. వేలి కొన నుంచి తీసిన ఒక్క చుక్క రక్తంతో ఫలితం హెచ్చుతగ్గులుగా వస్తుంది కనుక, వీలున్నచోట సిర (రక్తనాళం) నుంచి తీసిన రక్తాన్నే వాడాలి. గర్భవతులు కాని స్త్రీలలో డెసిలీటరుకు 12 గ్రాములు, పురుషుల్లో 13 గ్రాముల కన్నా తక్కువ ఉంటే రక్తహీనతగా పరిగణిస్తారు. ఎత్తైన ప్రదేశాల్లో నివసించేవారికీ పొగతాగేవారికీ ఈ అంకెలను సవరించాలి.

రక్తపోటు చూసే ముందు మనిషిని ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోబెట్టి, చేయిని గుండె ఎత్తులో ఆనించి, చేతికి సరిపడే పట్టీతో మూడు సార్లు కొలిచి, చివరి రెండింటి సగటు రాయాలి.

ఇదంతా చదివితే వచ్చే నైపుణ్యం కాదు. సర్వేకు ముందు బృందంలోని ప్రతి ఒక్కరూ అదే పదిమంది పిల్లలను రెండేసి సార్లు కొలవాలి. తమ రెండు కొలతలకూ మధ్య, అనుభవజ్ఞుల కొలతకూ తమ కొలతకూ మధ్య ఎంత తేడా వస్తోందో చూసుకోవాలి. తేడా తగ్గేదాకా ఎవరినీ ఇళ్ళకు పంపకండి.

5. జబ్బుల గురించి అడగడం

"మీకు విరేచనాలు అయ్యాయా?" అంటే ఒక్కొక్కరు ఒక్కో అర్థం చేసుకుంటారు. ఇరవై నాలుగు గంటల్లో మూడు సార్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ నీళ్ళలా అయిందా అని అడగండి. పిల్లల జ్వరం, దగ్గు, విరేచనాల విషయంలో గత రెండు వారాలకే పరిమితం కండి. అంతకన్నా వెనక్కి వెళ్తే జ్ఞాపకం నమ్మదగినదిగా ఉండదు. మధుమేహం, అధిక రక్తపోటు వంటివి ఉన్నాయని డాక్టరు ఎప్పుడైనా చెప్పారా అని అడగవచ్చు గానీ, పరీక్షే చేయించుకోని వారంతా ఆ జవాబులో ఆరోగ్యవంతులుగా కనిపిస్తారని గుర్తుంచుకోవాలి.

6. తిన్న ఆహారాన్ని నమోదు చేయడం

నిన్న ఉదయం లేచినప్పటి నుంచి ఈ రోజు లేచేదాకా తిన్నవీ తాగినవీ అడిగే పద్ధతి చిన్న సర్వేలకు బాగా సరిపోతుంది. మొదట ఆటంకపరచకుండా చెప్పనివ్వండి. తర్వాత వేళల ప్రకారం మళ్ళీ ఒకసారి నడిపించి, మధ్యలో తిన్న చిరుతిళ్ళు, పానీయాలు, ఇంటి బయట తిన్నవి అడగండి. ఆ తర్వాతే పరిమాణాలు అడగండి. గిన్నెలు, గరిటెలు, గ్లాసులు వారి ఇంటివే తెప్పించి, ఎంత పడుతుందో నీళ్ళతో కొలవండి. "పాలు తాగలేదా?" అనే ధోరణిలో అడిగితే, మిమ్మల్ని సంతోషపెట్టే జవాబే వస్తుంది. ఇంట్లో వండిన మొత్తాన్ని తలలతో భాగించకండి. చివర్లో తినేవారికి ఏమి మిగిలిందన్నదే చాలాసార్లు అసలు సమాచారం, అందుకే ప్రతి మనిషినీ విడిగా అడగాలి.

పరిమాణాలు కొలిచే వీలు లేకపోతే వైవిధ్యమైనా చూడండి. పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ స్త్రీల ఆహారాన్ని పది వర్గాలుగా విభజించి, ఐదు గానీ అంతకన్నా ఎక్కువ గానీ తిన్నవారు నూటికి ఎంతమందో లెక్కించే సూచిక ఒకటి ఉంది. ధాన్యాలు-దుంపలు, పప్పులు, గింజలు, పాల పదార్థాలు, మాంసం-చేపలు, గుడ్లు, ముదురు ఆకుకూరలు, విటమిన్ ఎ ఎక్కువగా ఉన్న ఇతర పండ్లు-కూరగాయలు, మిగిలిన కూరగాయలు, మిగిలిన పండ్లు ఆ పది వర్గాలు. ఇది సమూహం గురించి చెప్పే సూచిక. ఒక్క రోజు తిండిని బట్టి ఏ ఒక్క స్త్రీ గురించీ తీర్పు చెప్పడానికి పనికిరాదు.

వారంలోని అన్ని రోజులూ సమానంగా వచ్చేలా సందర్శనలు పంచుకోండి.

7. సాయంత్రమే సరిచూడండి

నింపిన ఫారాలను అదే రోజు సాయంత్రం చదివితే, ఖాళీలనూ పొంతన లేని జవాబులనూ మర్నాడే మళ్ళీ వెళ్ళి సరిదిద్దవచ్చు. ఎత్తుల్లో దశాంశం తర్వాత సున్నా, ఐదు మాత్రమే తరచుగా కనిపిస్తుంటే, ఎవరో కొలతను సరిగా చదవకుండా దగ్గరి అంకెకు సర్ది రాస్తున్నారని అర్థం. పేర్లను, చిరునామాలను వేరే పత్రంలో ఉంచి, మిగతా వివరాలను గుర్తింపు సంఖ్యతోనే కంప్యూటర్లోకి ఎక్కించండి.

పిల్లల కొలతలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో వెలువరించిన ఎదుగుదల ప్రమాణాలతో పోల్చాలి. ఆరు దేశాల పిల్లల ఆధారంగా తయారైన ఆ ప్రమాణాల ప్రకారం, మధ్యస్థ విలువ కన్నా రెండు ప్రామాణిక విచలనాలకు మించి తక్కువ ఉన్నవారిని లోపం ఉన్నవారిగా లెక్కిస్తారు. ప్రతి బిడ్డ కొలత మధ్యస్థ విలువకు ఎన్ని ప్రామాణిక విచలనాల దూరంలో ఉందో లెక్కిస్తే, ఆ అంకెల ప్రామాణిక విచలనం ఒకటికి దగ్గరగా ఉండాలి. అది బాగా పెరిగితే, పోషకాహార లోపం గురించి మాట్లాడే ముందు మీ కొలతలను అనుమానించండి.

8. ఫలితాలను అక్కడివారికే ముందు చెప్పండి

నివేదికలో శాతంతో పాటు దాని విశ్వాస అవధిని (అసలు విలువ ఉండగల హద్దులను), ఎంచుకున్న ఇళ్ళ సంఖ్యను, కలవనివారి సంఖ్యను, నిరాకరించినవారి సంఖ్యను కూడా రాయండి. ఒకేసారి జరిపిన సర్వేలో రెండు విషయాలు కలిసి కనిపిస్తే, అవి కలిసి ఉన్నాయని మాత్రమే రాయండి. తక్కువ తినడం వల్ల బిడ్డ జబ్బుపడిందో, జబ్బుపడడం వల్ల తక్కువ తింటోందో ఆ లెక్క చెప్పలేదు. ఇంటివారికి వారి సొంత కొలతలు అదే రోజు ఇవ్వాలి. మొత్తం ఫలితాలను నివేదిక అచ్చుకు పంపే ముందు అక్కడి ప్రజల సమక్షంలో వినిపించి, వారి వివరణ అడగాలి. ఏ నెలల్లో పని దొరకదో, ఏ బావి నీళ్ళు ఎప్పుడు పాడవుతాయో వారికే తెలుసు. పట్టికలో కారణం తెలియకుండా మిగిలిపోయిన అంకెకు అర్థం అక్కడే దొరకవచ్చు.

మార్పు వచ్చిందో లేదో చూడడానికి మళ్ళీ సర్వే చేసేటట్లయితే, అదే రుతువులో, అవే ప్రశ్నలతో, అదే రకం పరికరాలతో చేయండి. పంట చేతికొచ్చిన నెలలో తీసిన బరువులను, పాత ధాన్యం అయిపోయి కొత్తది ఇంకా రాని నెలలో తీసిన బరువులతో పోల్చకూడదు.