ఊరెళ్లే ముందు కుండీలకు నీళ్ల ఏర్పాటు: విశాఖ బాల్కనీలకు వేసవి జాగ్రత్తలు

ఏప్రిల్ నెలాఖరుకి బడులకు సెలవులిస్తారు. ఇంటిల్లిపాదీ శ్రీకాకుళమో, రాజమండ్రో, హైదరాబాదో బయల్దేరతాం. మొక్కలకు నీళ్లు ఎక్కువ కావాల్సిన రోజులు కూడా అవే. మల్లె మొగ్గ మీద ఉంటుంది, కరివేపాకు చిగురేస్తుంది, మందారానికి పూటపూటా దాహమే.

సముద్రం పక్కనే ఉన్నాం, గాలిలో తేమ ఉంటుంది, మొక్కలు తట్టుకుంటాయిలే అని మన విశాఖలో చాలామందికి ఒక ధైర్యం. సముద్రపు గాలి వీస్తున్నంతసేపు అది నిజమే. కానీ మే నెలలో కొన్ని రోజులు పడమటి గాలి బలంగా వీచి, సముద్రపు గాలిని మధ్యాహ్నం దాటినా ఊళ్లోకి రానివ్వదు. అలాంటి రోజున ఎండ 40 డిగ్రీలు తాకుతుంది. పొద్దున్న తడిగా ఉన్న కుండీ సాయంత్రానికి పొడిపొడి అయిపోతుంది. మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె వస్తుంది, రోళ్లు పగిలే ఎండ అని ఊరికే అనలేదు పెద్దలు. నైరుతి వానలు మన దాకా రావడానికి జూన్ పడాలి. ఈ మధ్యకాలంలో వారం పది రోజులు తాళం వేసి వెళ్లేవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

వాటంతట అవే నీళ్లు పెట్టే సాధనాలు ఇప్పుడు చాలా దొరుకుతున్నాయి. మట్టి మేకులు (నీళ్లు నింపి కుండీలో గుచ్చే కాల్చిన మట్టి గొట్టాలు), వత్తి కుండీలు, టైమరుతో పంపులు, కుళాయికి బిగించే డ్రిప్ సెట్లు. అన్నీ పనిచేసేవే. నేను ముందుగా చెప్పేది ఒకటే మాట: కొన్న రోజు బిగించి మర్నాడు ఊరెళ్లకండి. పది రోజుల ముందే బిగించండి. ఇంట్లో ఉంటూనే, మగ్గు ముట్టుకోకుండా, ఆ సాధనం ఒక్కటే మొక్కల్ని ఎలా సాకుతోందో చూడండి.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకంటున్నానో చెబుతాను. రెండేళ్ల కిందట మే నెలలో పాలకొండలో పెళ్లికి తొమ్మిది రోజులు వెళ్లాం. సీతమ్మధారలో మాది మూడో అంతస్తు, పడమటి బాల్కనీ. చిన్న పంపు, టైమరు, పది సన్న గొట్టాలు ఉన్న సెట్ తెప్పించాను. ముందురోజు సాయంత్రం టబ్బు నేల మీద పెట్టి, సగం నీళ్లు పోసి పంపు నడిపి చూశాను. అన్ని గొట్టాల్లోంచీ నీళ్లు వచ్చాయి, టైముకి ఆగాయి. మర్నాడు బయల్దేరే ముందు, దారికి అడ్డంగా ఉందని, ఆ టబ్బుని బల్ల మీదకు ఎక్కించి 40 లీటర్లు నిండా నింపాను. సాయంత్రానికి కింది ఫ్లాటు పిన్నిగారి ఫోన్. "ఏటమ్మా, మీ బాల్కనీలోంచి నీళ్లు కారిపోతన్నాయి, ఆరేసిన బట్టలన్నీ తడిసిపోనాయి" అని.

టైమరు తప్పు లేదు, అది చెప్పిన టైముకే పంపుని ఆపింది. కానీ టబ్బులో నీటిమట్టం కుండీల్లో పెట్టిన గొట్టం మూతుల కంటే ఎత్తులో ఉంది. అలా ఉంటే పంపు ఆగినా ధార ఆగదు. డ్రమ్ములోంచి పైపు పెట్టి ఒకసారి నోటితో పీల్చి వదిలితే కిరోసిన్ దానంతట అదే ఎలా దిగుతుందో, ఇదీ అంతే. ఒక్క పూటలో టబ్బు ఖాళీ అయింది. తర్వాత ఎనిమిది రోజులూ పంపు నీళ్లు లేకుండా తిరిగి తిరిగి కాలిపోయింది. అమ్మ శ్రీకాకుళం నుంచి తెచ్చి నాటిన బొడ్డుమల్లె మేం వచ్చేసరికి పుల్లలా ఉంది. గోరుతో గీరి చూస్తే లోపల కూడా పచ్చదనం లేదు. ఆ మల్లె గుర్తొస్తే ఇప్పటికీ బాధే.

కాబట్టి పంపు సెట్ పెట్టేవాళ్లు టబ్బుని నేల మీదే ఉంచండి. నిండా నింపినప్పుడు కూడా నీటిమట్టం గొట్టం మూతుల కంటే కిందే ఉండాలి. కుండీలు చిన్నవై అలా కుదరకపోతే, పంపు నుంచి వచ్చే గొట్టానికి టబ్బు లోపలే, నీళ్లు తగలని ఎత్తులో, సూదితో సన్న రంధ్రం పెట్టండి. పంపు నడిచేటప్పుడు అందులోంచి నాలుగు చుక్కలు మళ్లీ టబ్బులోనే పడతాయి, నష్టం లేదు. పంపు ఆగగానే ఆ రంధ్రంలోంచి గాలి దూరి ధార తెగిపోతుంది. ఇంకొకటి, ఊరెళ్లేటప్పుడు టబ్బు ఎక్కడ ఎలా ఉంటుందో అలాగే పెట్టి పరీక్షించాలి. జానెడు ఎత్తు మారినా లెక్కంతా మారిపోతుంది.

ముందు నీళ్ల లెక్క

సాధనం నీళ్లను పంచుతుంది, అంతే. నీళ్లు మనమే సమకూర్చాలి. వెళ్లే ముందు మూడు రోజులు లీటరు సీసాతో కొలిచి పోయండి, ఏ కుండీకి ఎంత పోశారో కాగితం మీద రాసుకోండి. మా బాల్కనీలో మే నెలలో 12 అంగుళాల కుండీలో మందారం రోజుకి లీటరు తాగుతుంది. 8 అంగుళాల కుండీలో తులసికి అర లీటరు. సగటున ముప్పావు లీటరు వేసుకున్నా పది కుండీలకు రోజుకి ఏడున్నర లీటర్లు, తొమ్మిది రోజులకు 67 లీటర్లు దాటుతుంది. అంటే నా 40 లీటర్ల టబ్బు, ఆ ధార గొడవ లేకపోయినా, ఆరో రోజుకి ఖాళీ అయ్యేదే. ఈ లెక్క ఆ రోజు నేను వేయలేదు.

టబ్బు పెంచడం కంటే దాహం తగ్గించడం తేలిక. కుండీలన్నీ పడమటి ఎండ తగలని మూలకు చేర్చి దగ్గర దగ్గరగా పెట్టండి. గుంపుగా ఉంటే ఒకదాని నీడ ఇంకొకదానికి, ఒకదాని తేమ ఇంకొకదానికి. సగం ఎండను ఆపే పచ్చ షేడ్ నెట్ కట్టండి. మట్టి మీద రెండంగుళాల మందాన కొబ్బరి పీచో, ఎండుటాకులో పరవండి. విచ్చిన పూలు, ముదిరిన కాయలు కోసేయండి. ఇవన్నీ చేశాక మళ్లీ కొలిచి చూస్తే మా ఇంట్లో వాడకం దాదాపు సగానికి తగ్గింది.

కలబంద, స్నేక్ ప్లాంట్, ఎడారి గులాబీ, జీజీ మొక్కలను ఈ ఏర్పాటులో కలపకండి. వెళ్లేరోజు ఒకసారి తడిపి నీడలో వదిలేస్తే పది రోజులు హాయిగా ఉంటాయి. రోజూ చుక్క చుక్క పడితే మాత్రం వేరు కుళ్లుతుంది.

వత్తి, సీసా, మట్టి మేకు

వత్తి పద్ధతి చవక. ఒక చివర టబ్బులో, ఇంకో చివర కుండీ మట్టిలో. దీపారాధన వత్తుల పత్తితో చేస్తే కొన్నాళ్లకు కుళ్లి జిగురు పడుతుంది. పాలిస్టరు తాడు గానీ, స్వెట్టర్లు అల్లే యాక్రిలిక్ ఊలు నాలుగైదు పేటలు పేనిన తాడు గానీ మేలు. వత్తిని ముందు నీళ్లలో బాగా నానబెట్టండి, కుండీని కూడా పైనుంచి పూర్తిగా తడపండి. పొడి వత్తి పొడి మట్టిలో ఉంటే నీరు ఎక్కదు. ఎక్కాల్సిన ఎత్తు జానెడు మించకూడదు. వత్తి టబ్బు అంచు దాటి కిందికి వేలాడి, కొస నీటిమట్టం కంటే దిగువన ఉంటే ఇక్కడా అదే ధార సమస్య వస్తుంది, నిదానంగా.

కడియం నర్సరీల నుంచి వచ్చిన మొక్కలకు వేరు చుట్టూ గట్టి మట్టి ముద్ద ఉంటుంది. మనం చుట్టూ కోకోపీట్ (కొబ్బరి పొట్టు) కలిపి నాటుతాం. వత్తి ఆ కోకోపీట్‌లో ఉండి ముద్దకు తగలకపోతే, చుట్టూ తడి, మధ్యలో పొడి. వత్తి కొసను ముద్దలోకి పుల్లతో నెట్టాలి.

బోర్లించిన సీసా మీద నాకు నమ్మకం తక్కువ. కోకోపీట్ ఎక్కువున్న కుండీలో గంటకే ఖాళీ అవుతుంది. బంకమట్టిలో మూతి పూడుకుపోయి చుక్క కూడా దిగదు. ఎండ తగిలితే సీసాలో గాలి వేడెక్కి వ్యాకోచించి నీళ్లను బయటికి తోసేస్తుంది. రెండు మూడు రోజుల ప్రయాణానికి, నీడలో, పర్వాలేదు. అంతకు మించి వద్దు.

మట్టి మేకులు అలా కాదు. మట్టి పొడారేకొద్దీ వాటి సన్న రంధ్రాల్లోంచి నీరు ఊరుతుంది, తడిగా ఉంటే ఊరడం తగ్గుతుంది. మెరుగు పూయని చిన్న ముంతని మెడ దాకా పాతిపెట్టి, నీళ్లు నింపి మూత పెట్టినా ఇదే పని జరుగుతుంది, పెద్ద కుండీలకు నేను అదే వాడతాను. ఒక జాగ్రత్త: బోరు నీళ్లు ఉప్పగా ఉన్న కాలనీల్లో రంధ్రాలు తెల్లటి పొరతో మూసుకుపోతాయి. ఏడాది వాడిన మేకుని నీళ్లతో నింపి విడిగా నిలబెట్టండి. పూట గడిచినా పైన చెమ్మ పట్టకపోతే అది మూసుకుపోయినట్టే. వెనిగర్ కలిపిన నీళ్లలో నానబెట్టి బ్రష్షుతో రుద్దండి, లేదా మార్చేయండి.

కుళాయికి టైమరు పెట్టేవాళ్లకు

ఇక్కడ ఎక్కువమంది దెబ్బతినేది నీటి ఒత్తిడి దగ్గర. పది మీటర్ల ఎత్తులో ట్యాంకు ఉంటే ఒక బార్ ఒత్తిడి వస్తుంది. అయిదంతస్తుల అపార్టుమెంటులో పై అంతస్తు ఫ్లాటుకీ మేడ మీద ట్యాంకుకీ మధ్య ఎత్తు మూడు నాలుగు మీటర్లే, అంటే బార్‌లో మూడో వంతు. సోలినాయిడ్ వాల్వు (కరెంటు అయస్కాంతంతో తెరుచుకునేది) ఉన్న టైమర్లు చాలావాటికి ఇది చాలదు. తెరుచుకోవు, లేదంటే తెరుచుకున్నాక పూర్తిగా మూసుకోవు. పై అంతస్తులవాళ్లు బాల్ వాల్వు టైమరు అడిగి తీసుకోండి, అది ఒత్తిడితో పని లేకుండా మోటారుతో తిరుగుతుంది. డ్రిప్పరు (గొట్టం చివర చుక్కలు వదిలే బిళ్ల) మీద గంటకు 4 లీటర్లు అని ఉంటే పావుగంటకు లీటరు పడాలి, కానీ అది ఒక బార్ దగ్గర లెక్క. మీ ఇంట్లో ఎంత పడుతుందో మొదటి డ్రిప్పరు కిందా చివరి డ్రిప్పరు కిందా సీసాలు పెట్టి కొలవండి. రెంటికీ తేడా ఎక్కువుంటే, ఎక్కువ తాగే మొక్కని మొదట పెట్టండి.

నీళ్లు వచ్చే వేళ కూడా చూడాలి. వేసవిలో మేఘాద్రిగెడ్డ, తాటిపూడి జలాశయాల్లో మట్టం తగ్గిన ఏడాది కుళాయి వదిలే సమయం కుదించే వీలుంది. చాలా అపార్టుమెంట్లలో మధ్యాహ్నం వాల్వు కట్టేస్తారు. టైమరుని మధ్యాహ్నం రెండింటికి పెడితే రోజూ తెరుచుకుంటుంది, రోజూ గాలే వస్తుంది. వాచ్‌మేన్‌ని అడిగి, నీళ్లు ఖాయంగా ఉండే వేళకు, వీలైతే తెల్లవారుజామున పెట్టండి. జాయింట్లన్నిటికీ క్లిప్పులు బిగించండి, ఫిల్టరు కడగండి. బాల్కనీ తూములో ఆకులు లేకుండా చూడండి, ఒక్క గొట్టం ఊడినా నీళ్లు హాల్లోకి రాకుండా ఉంటాయి.

సముద్రపు గాలి ఇనుముని వదలదు. ఎంవీపీ కాలనీ, కిర్లంపూడి, రుషికొండ వైపు ఉండేవాళ్లు టైమరు బ్యాటరీ పట్టీలు తీసి చూడండి. పచ్చటి చిలుము ఉంటే గీకి, కొద్దిగా వేజలిన్ రాసి కొత్త బ్యాటరీలు వేయండి. సోలార్ పంపు అయితే పలక మీద దుమ్ము తుడవండి, పోర్టు దగ్గరి వీధుల్లో నల్లటి దుమ్ము నాలుగు రోజులకే పొర కడుతుంది. కరెంటు అడాప్టరు నేల మీద పెట్టకండి. మేలో సాయంత్రం గాలివాన వస్తే జల్లు బాల్కనీ లోపలికి కొడుతుంది. ప్లగ్ ఇంటి లోపల ఉండి, వైరు మాత్రమే బయటికి రావాలి.

దోమల సంగతి మాత్రం దయచేసి తేలిగ్గా తీసుకోకండి. డెంగీ దోమ మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుంది, ఈ ఎండల్లో గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు, అంటే మనం ఊళ్లో లేని రోజులే. టబ్బుకి మూత పెట్టి, గొట్టం దూరే సందు దగ్గర పాత నైలాన్ గుడ్డ కట్టండి. అడుగున నీళ్లు నిలిచే కుండీలకు నీళ్లు పోసే గొట్టం మూతి కూడా మూసేయండి, కుండీల కింది పళ్లేలు బోర్లించండి. టబ్బు నీళ్లలో ఎరువులు, జీవామృతం కలపకండి. కుళ్లి వాసనొస్తుంది, పాచి పట్టి సన్న గొట్టాలు పూడుకుంటాయి.

ఇన్ని చేసినా ఒక మనిషికి తాళంచెవి ఇచ్చి వెళ్లమనే అంటాను. రోజూ నీళ్లు పోయమని అడగనక్కర్లేదు. మూడో రోజు, ఆరో రోజు వచ్చి టబ్బులో మట్టం చూసి, ఒక ఫొటో తీసి పంపమంటే చాలు. ఇప్పుడు మేం ఊరెళ్తే ఆ కింది ఫ్లాటు పిన్నిగారే చూస్తారు. ఎక్కడిదాకా నీళ్లుండాలో టబ్బు మీద మార్కరుతో రోజువారీ గీతలు గీసి పెడతాను. గీత దాటి తగ్గితే ఆవిడ ఫోన్ చేస్తారు.

తిరిగొచ్చాక ఏదైనా కుండీ బాగా ఎండిపోయి కనిపిస్తే ఆత్రంగా చెంబులు కుమ్మరించకండి. పూర్తిగా ఎండిన కోకోపీట్ నీటిని పీల్చదు, అంచుల వెంట జారి కిందికి పోతుంది. చిన్న కుండీలైతే బకెట్లో ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచి తీయండి. పెద్దవాటికి అరగంటకోసారి కొంచెం కొంచెం పోయండి. ఆకులు రాలిన మొక్కని వెంటనే పారేయకుండా కాండం గోరుతో గీరి చూడండి. లోపల పచ్చగా ఉంటే నీడలో రెండు వారాలు ఆగండి, చిగురు రావచ్చు. వత్తి కుండీలకు నెలకోసారి పైనుంచి నిండుగా నీళ్లు పోసి, అడుగునుంచి కారనివ్వండి, మట్టి మీద పేరుకున్న ఉప్పు కడుక్కుపోతుంది. సాధనాన్ని మళ్లీ సెలవుల దాకా దాచేట్టయితే పంపు, గొట్టాలు ఆరబెట్టి, టైమరులోంచి బ్యాటరీలు తీసేసి దాచండి.