రాతె రోడ్డు బల్ల: కొబ్బరి పీచు అడవి, ముగ్గుపిండి మంచు

1939 నవంబరు 30న సోవియట్ సేనలు ఫిన్లండ్ మీదికి దిగాయి. 1940 మార్చి 13 దాకా సాగిన ఆ చలికాలపు యుద్ధంలో, బుల్లి సైనికుల బొమ్మలతో బల్ల మీద ఆటగా ఆడడానికి బాగా ఒదిగేది రాతె రోడ్డు పోరు. ఫిన్లండ్‌లోని సువోముస్సల్మి ఊరికి వెళ్లే ఆ ఇరుకు అడవి బాటలో సోవియట్ 44వ డివిజన్ బారులు తీరి ఇరుక్కుపోయింది. 1940 జనవరి మొదటి వారంలో సీలస్వువో నాయకత్వంలోని ఫిన్లండ్ దళాలు దాన్ని ముక్కలు చేశాయి. మన కాలవ గట్టు రోడ్డు మీద గడ్డి లారీ దిగబడితే వెనక బండ్లన్నీ ఎలా ఆగిపోతాయో తెలిసినవాళ్లకి ఈ యుద్ధాన్ని వేరే వివరించక్కర్లేదు. ఒక్కో ముక్కని చుట్టి ఉంచడాన్ని ఫిన్లండ్ వాళ్లు ‘మొత్తి’ అన్నారు. కొలిచి పేర్చిన ఘనమీటరు కట్టెల కుప్పకి వాళ్ల భాషలో అదే మాట.

స్కేలు 1/72 తీసుకోండి, అంటే అసలు కొలతలో 72వ వంతు. అంతకన్నా పెద్దవైన 28 మి.మీ. ఎత్తు బొమ్మలు అందంగానే ఉంటాయి గానీ ట్యాంకులూ లారీలూ కొనేసరికి జేబు ఖాళీ. బల్ల 180 × 120 సెం.మీ. దాన్ని 60 × 120 పలకలు మూడుగా చేస్తే ఆటోలో పడతాయి. రోడ్డు పొడుగునా మధ్యలోంచి, రెండు మలుపులతో వెళ్లాలి. వెడల్పు సరిగ్గా 6 సెం.మీ., అంతకు మించొద్దు. 1/72లో టీ-26 ట్యాంకు వెడల్పు 3.4 సెం.మీ., అంటే రెండు పక్కపక్కన పట్టవు. రోడ్డు 8 సెం.మీ. చేస్తే ఆగిన లారీని ట్యాంకు దాటి వెళ్లిపోతుంది, ఆటే పోతుంది.

పలకలకి అడుగున ఫ్లెక్సీ షాపుల్లో దొరికే 5 మి.మీ. సన్‌బోర్డు, పైన 25 మి.మీ. థర్మోకోల్, మధ్యన ఫెవికాల్. ఎండీఎఫ్ చెక్క మన తేమకి వంగిపోతుంది. సన్‌బోర్డు అంతగా వంగదు, కానీ పైన ఒక్కవైపే రంగూ జిగురూ పూస్తే ఆరేటప్పుడు లాగి పలక దోనెలా లేస్తుంది. అందుకే అడుగుభాగానికి కూడా ఒక పూత వెయ్యండి. థర్మోకోల్ మీద స్ప్రే డబ్బా వాడొద్దు. అందులోని ద్రావకం దాన్ని తినేసి గుంటలు పెడుతుంది.

ఇక మంచు. బేకింగ్ సోడాని జిగురులో కలిపితే కొన్నాళ్లకి పసుపెక్కుతుంది, చెమ్మ పట్టి పొట్టులా రాలుతుంది. ముగ్గుపిండి మేలు, అదీ రాతి ముగ్గు అయితేనే. చెంచా పిండి నీళ్లలో వేసి మరిగించండి. గంజి కడితే అది బియ్యప్పిండి, బల్ల మీద పోస్తే చీమలకి విందు. అడుక్కి దిగితే రాయి. కొలత: ముగ్గు రెండు గ్లాసులు, ఫెవికాల్ ఒక గ్లాసు, తెల్ల ఎక్రిలిక్ రంగు ఒక గ్లాసు, దోసెల పిండి జారుకి వచ్చేటన్ని నీళ్లు. దాంట్లో బట్టలకి వేసే నీలిమందు రెండే రెండు చుక్కలు. మూడో చుక్కకి మంచు ఆకాశమైపోతుంది. అసలు నీలం లేకపోతే ట్యూబ్‌లైటు కింద మంచు సున్నం గోడలా పాలిపోయి కనిపిస్తుంది. పాత బ్రష్‌తో పొడుస్తూ పూయండి, లాగితే గీతలు పడతాయి. ఒకేసారి మందంగా పూస్తే బీటలిస్తుంది. పల్చగా రెండు పూతలు, మధ్య ఒక రోజు ఆరనివ్వండి. వానాకాలంలో మూడు రోజులు. ఈ పనికి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. పైగా సంక్రాంతికి ఊరొచ్చేవాళ్లకి బల్ల సిద్ధంగా ఉంటుంది.

అడవికి మన సరుకే చాలు. కోనసీమలో కొబ్బరి పీచు కొనక్కర్లేదు, అడిగితే బస్తాతో ఇస్తారు. ముందు పీచుని బాగా కడిగి ఆరబెట్టండి, పొట్టు అలాగే ఉంటే రంగు నిలవదు. సెంట్రింగ్ కడ్డీలు కట్టే బైండింగ్ వైరు 25 సెం.మీ. ముక్కని మధ్యకి మడవండి. రెండు పోగుల నడుమ 5 సెం.మీ. పీచు వరసగా పరిచి, ఒక చివర మేకుకి తగిలించి, రెండో చివర డ్రిల్ మిషన్‌లో బిగించి నెమ్మదిగా తిప్పండి. పీచు గుండ్రంగా విచ్చుకుని సీసాలు తోమే బ్రష్‌లా అవుతుంది. కత్తెరతో కింద వెడల్పు, పైన మొన ఉండేలా కత్తిరిస్తే చలిదేశపు సూదిమొన స్ప్రూస్ చెట్టే. పీచు పల్చగా పరిస్తే చెట్టు బోసిపోతుంది, మరీ దట్టంగా పరిస్తే తీగ పట్టదు, జారిపోతుంది. రెండు మూడు పాడుచేశాక చేతికి లెక్క అందుతుంది. సగం నీళ్లు కలిపిన ముదురు ఆకుపచ్చలో ముంచి, దులిపి, రెండు రోజులు ఎండలో పెట్టండి. తడి మిగిలితే ఆషాఢం నాటికి బూజు. మంచు కొమ్మల పైవైపునే అద్దండి. ఇలాంటివి కనీసం 50 కావాలి. మూడేసి చెట్లని ఒక చిన్న సన్‌బోర్డు ముక్కమీద నిలబెడితే బొమ్మలు జరిపేటప్పుడు తీసి పెట్టుకోవచ్చు.

సోవియట్ వైపు ఎనిమిదేసి బొమ్మల దళాలు ఐదు, రెండు టీ-26లు, నాలుగు లారీలు, ఒక వంటబండి. ఫిన్లండ్ వైపు ఆరేసి బొమ్మల దళాలు నాలుగు. స్కీలు లేని బొమ్మలకి పాత ఏటీఎం కార్డుని 1.5 మి.మీ. వెడల్పు, 30 మి.మీ. పొడవు పట్టీలుగా కోసి, మొనని వేణ్ణీళ్లలో ముంచి పైకి వంచితే సరి. తెల్ల దుస్తులకి నేరుగా తెలుపు కొట్టొద్దు. లేత బూడిద రంగు వేసి, పైకి తేలిన మడతల మీదే తెలుపు అద్దండి. బొమ్మ నిలబడే అడుగు బిళ్ల అంచు నల్లగా ఉంచండి, లేకపోతే తెల్ల మంచులో తెల్ల బొమ్మ కనపడదు. అడుగుకి ఇనప వాషర్లు వాడితే ముందు ప్రైమర్ పూయాలి, మన గాలికి తుప్పు మంచులోంచి ఎర్రగా పైకి వస్తుంది. మ్యాట్ వార్నిష్ ముసురు రోజున కొడితే బొమ్మ పాలు పోసినట్టు తెల్లబడుతుంది. పొడి ఎండ ఉన్న మధ్యాహ్నమే కొట్టండి.

ఆటకి చింతపిక్కలు చాలు. సంచిలో ఫిన్లండ్‌కి తెల్ల రంగు వేసినవి నాలుగు, సోవియట్‌కి మామూలువి ఆరు. ఏది చేతికొస్తే ఆ పక్షం ఒక దళాన్నో, రెండు బండ్లనో కదుపుతుంది. సంచి ఖాళీ అయితే ఒక వంతు. మొత్తం ఎనిమిది వంతులు, వాటిలో మూడు, నాలుగు, ఐదు మాత్రమే పగలు. ఆ రోజుల్లో అక్కడ వెలుతురు సుమారు నాలుగు గంటలే. రాత్రి చూపు 20 సెం.మీ., పగలు రోడ్డు వెంట 60. స్కీల మీద కదలిక అడవిలో 15 సెం.మీ., సోవియట్ కాల్బలానికి రోడ్డు మీద 15, మంచులో 6. రోడ్డు దిగిన ట్యాంకుకి పాచిక వెయ్యండి, ఒకటో రెండో పడితే అక్కడే కూరుకుపోతుంది.

వంతు చివర నిప్పుకో వంటబండికో 15 సెం.మీ. లోపల లేని సోవియట్ దళానికి ఒక చలి గుర్తు పెట్టండి. గుర్తు ఒక్కింటికి కాల్పుల పాచికలో ఒకటి తగ్గుతుంది, మూడు పడితే కదలలేదు. నిప్పు రాజేసుకోవచ్చు, అయితే నిప్పు పక్కనున్న దళం రాత్రిపూట కూడా 60 సెం.మీ. దూరానికి కనిపిస్తుంది. ఫిన్లండ్ దళాలు బల్ల అంచు దాటి తమ పొయ్యి గుడారాలకి వెళ్లి, మరుసటి వంతులో వేరే అంచు నుంచి రావచ్చు.

కొత్తవాళ్లు ఫిన్లండ్ తరఫున చెట్ల అంచున వరసగా నిలబడి కాలుస్తారు, నాలుగో వంతుకి చిత్తవుతారు. వాళ్ల చేతి మరతుపాకి, సువోమి సబ్‌మెషీన్‌గన్, అందుకునేది ఇక్కడ 20 సెం.మీ. మాత్రమే. ముందు మలుపు దగ్గర చెట్టు కూల్చి రోడ్డు ఆపాలి (ఒక దళానికి రెండు పిక్కల పని), తర్వాత వంటబండిని పట్టాలి. సోవియట్ ఆటగాడికి తూర్పు అంచు దాటించిన ఒక్కో బండికి రెండు పాయింట్లు, దళానికి ఒకటి. ఆరు వస్తే గెలుపు. పదే పదే ఒకే పక్షం గెలుస్తుంటే ఈ ఆరుని అయిదో ఏడో చేసుకోండి, రోడ్డు వెడల్పు జోలికి మాత్రం పోవద్దు.