పాత ఉప్పునీటి అక్వేరియంలో అమోనియా ఎలా తగ్గిందంటే

హైదరాబాద్‌లోనే సెకండ్ హ్యాండ్‌లో మూడడుగుల ఉప్పునీటి ట్యాంకు, రాళ్లు, ఇసుకతో సహా దొరికింది. ముందు బాల్కనీలో మామూలు నీళ్లు నింపి రాత్రంతా ఉంచితే, కింది మూలలో చెమ్మ కనిపించింది. పాత సిలికాన్ మీద కొత్తది సరిగా అంటుకోదు. లోపలి జాయింట్లన్నీ బ్లేడుతో గీకి, అక్వేరియం సిలికాన్ వేసి వారం ఆరనిచ్చాను.

అసలు టెన్షన్ తర్వాత మొదలైంది. ఆర్‌ఓ నీళ్లలో సముద్రపు ఉప్పు కలిపి, సాంద్రత 1.025కి తెచ్చి రాళ్లు పెట్టాక నీళ్లు తెల్లగా మసకబారాయి. కుళ్లు వాసన. టెస్ట్ కిట్‌లో అమోనియా, అంటే కుళ్లే వాటి నుంచి వచ్చే, చేపలకు విషమైన పదార్థం, బాగా ఎక్కువ. రవాణాలో తడి ఆరిపోయి, రాళ్ల మీది జీవులు చచ్చి కుళ్లుతున్నాయన్నమాట. పాత ఇసుక మొత్తం తీసేశాను. ఏళ్ల మురికంతా దాంట్లోనే ఉంటుంది, ఎంత కడిగినా నాకు నమ్మకం లేదు. రాళ్లను మాత్రం ఉప్పునీళ్లలోనే బ్రష్‌తో రుద్దాను, మంచినీళ్లు తగిలితే అమోనియాను తగ్గించే మంచి బ్యాక్టీరియా మిగిలి ఉన్నది కూడా దెబ్బతింటుంది. నీళ్లు సగం మార్చి, అమోనియా, దాన్నుంచి బ్యాక్టీరియా తయారుచేసే మరో విషం నైట్రైట్, రెండూ సున్నాకి వచ్చేదాకా ఒక్క చేపనూ వేయలేదు.

చేపల జబ్బులకు వేసే రాగి మందు ఆ ట్యాంకులో వాడారేమో అమ్మినవాళ్లను తప్పకుండా అడగండి. అది రాళ్లలో ఇంకి ఉంటే రొయ్యలు, నత్తలు బతకవు.

ఎండాకాలం ఫ్యాన్ పెడితే నీళ్లు చల్లబడతాయి కానీ త్వరగా తగ్గుతాయి. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. అందుకే రోజూ ఉప్పులేని ఆర్‌ఓ నీళ్లే పోస్తున్నాను.