చేనేత బ్రాండుకు బాధ్యత సలహాదారు: ఎవరిని పిలవాలి, ఏం చేయించుకోవాలి

పెద్ద కొనుగోలుదారు ఒకరు ప్రశ్నల పత్రం పంపాక గానీ చాలా చేనేత బ్రాండ్లకు సామాజిక, పర్యావరణ బాధ్యతపై సలహా ఇచ్చే సలహాదారు గుర్తుకు రారు. రంగు నీళ్లు ఎక్కడికి పోతున్నాయి, నూలు ఏ మిల్లుది, నేసేవారికి గంటకు ఎంత గిట్టుతోంది అని ఆ పత్రం అడుగుతుంది. వాటిలో సగానికి మన దగ్గర సమాధానాలు ఉండవు. మార్కెట్ విలువలో మొదటి వెయ్యి స్థానాల్లో ఉన్న లిస్టెడ్ కంపెనీలు 2022-23 ఆర్థిక సంవత్సరం నుంచి తమ సామాజిక, పర్యావరణ పనితీరుపై బీఆర్‌ఎస్‌ఆర్ అనే నివేదిక ఇవ్వాలని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2021లో నిర్ణయించింది కాబట్టి, ఆ కంపెనీలకు బట్ట అమ్మే చిన్న సంస్థల గుమ్మంలోకి కూడా ఈ ప్రశ్నలు వచ్చాయి. ఇలాంటి సమయంలో హడావిడిగా ఎవరినో ఒకరిని కుదుర్చుకుని నివేదిక రాయించుకోవడం డబ్బు దండగ. పోచంపల్లి ఇక్కత్‌తో వ్యాపారం చేసే బ్రాండును ఉదాహరణగా తీసుకుని, సలహాదారుతో పని ఎలా చేయించుకోవాలో ఇక్కడ వివరిస్తాను.

ముందుగా ఒక గందరగోళాన్ని పక్కన పెట్టాలి. కంపెనీల చట్టం, 2013లోని 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవరు 1000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ ఉన్న కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతాన్ని కంపెనీల సామాజిక బాధ్యత, అంటే సీఎస్‌ఆర్ కార్యక్రమాలకు ఖర్చు పెట్టాలి. బడికి బల్లలు కొనివ్వడం, వైద్య శిబిరం పెట్టించడం ఈ కోవలోకి వస్తాయి. అవి మంచి పనులే, కానీ అవి లాభం వచ్చాక చేసే పనులు. మనం సలహాదారును పిలిచేది ఆ లాభం ఏ దారిన వచ్చిందో చూపించమని. మొదటి సమావేశంలోనే మొక్కలు నాటే కార్యక్రమం గురించి మాట్లాడే సలహాదారును టీ ఇచ్చి పంపించేయవచ్చు.

ఎవరిని పిలవాలన్న విషయంలో నేను మూడే చూస్తాను. ఆ వ్యక్తి బట్ట తయారీని మిల్లు నుంచి మగ్గం దాకా స్వయంగా చూసి ఉండాలి. నేతకారుల ఇంట్లో ఆడవాళ్లతో తెలుగులో కూర్చుని మాట్లాడగలగాలి, ఎందుకంటే అసలు లెక్కలు చాలావరకు వాళ్ల దగ్గరే ఉంటాయి. ఇక మూడోది, సలహా ఇచ్చేవారు, సర్టిఫికెట్ ఇచ్చేవారు ఒకే గూటివారు కాకూడదు. సేంద్రియ వస్త్రాలకు అంతర్జాతీయ ప్రమాణమైన జీఓటీఎస్ వంటిదానికి తనిఖీ చేసే సంస్థ వేరు, దానికి మనల్ని సిద్ధం చేసే సలహాదారు వేరు. రెండూ తామే చూసుకుంటామని ఎవరైనా చెబితే, పరీక్ష పెట్టేవారే ప్రైవేటు చెబుతామన్నట్టు లెక్క.

ఒప్పందం రాసుకునేటప్పుడు పేజీల సంఖ్యను కాక క్షేత్రంలో గడిపే రోజులను రాయండి. నేను కొంతకాలం కొనుగోళ్ల విభాగంలో పనిచేసిన ఒక దుస్తుల సంస్థలో లక్షలు పోసి రాయించిన నివేదిక ఒకటి ఉండేది. మగ్గాల ఫోటోలు అందంగా ఉన్నాయి గానీ, రంగులద్దే చోటి ఫోటో ఒక్కటీ లేదు. అడిగితే అక్కడికి వెళ్లడానికి సమయం చాలలేదన్నారు. అందుకే కనీసం పది రోజులు గ్రామాల్లో ఉండాలని, మాస్టర్ వీవర్ (నూలు ఇచ్చి కూలికి నేయించుకునే పెద్ద నేతకారు) గానీ మన సిబ్బంది గానీ పక్కన లేకుండా నేతకారులతో మాట్లాడే స్వేచ్ఛ సలహాదారుకు ఉండాలని, మన కొనుగోలు ఆర్డర్లు, చెల్లింపుల రిజిస్టరు పూర్తిగా వారికి చూపిస్తామని ఒప్పందంలోనే రాసుకోవాలి. ఈ చివరి షరతు దగ్గర చాలామంది యజమానులు వెనకాడతారు. అక్కడ వెనకాడితే మిగతా పని మొదలుపెట్టడం కూడా అనవసరం.

తనిఖీ పత్రం ఒక్కటే ఎందుకు చాలదో చెప్పడానికి 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర కూలిన రాణా ప్లాజా చాలు. అందులో ఐదు దుస్తుల కర్మాగారాలు ఉండేవి, 1,100 మందికి పైగా కార్మికులు చనిపోయారు. అంతకు ముందే ఆ భవనంలోని కొన్ని కర్మాగారాలను సామాజిక తనిఖీదారులు చూసి వెళ్లారు, కానీ భవనం గట్టిదేనా అన్న ప్రశ్న వారి జాబితాలో లేదు. ముందు రోజే గోడలకు పగుళ్లు కనిపించి, కింది అంతస్తుల్లోని బ్యాంకు, దుకాణాలు మూతపడినా, దుస్తుల కార్మికులను మాత్రం పనికి రమ్మన్నారు. ఆ తొందర వెనుక సరుకు గడువు ఒత్తిడి ఉందన్నది తరువాత చాలామంది చెప్పిన మాట. ఆ గడువు పెట్టేది బ్రాండు. కాబట్టి సలహాదారు సరఫరాదారుల తప్పులు వెతకడానికి ముందు మన ఆర్డర్ల తీరును చూడాలి.

ఇక క్షేత్రంలో మొదటి రోజు రంగు తొట్టి దగ్గర మొదలుపెట్టించండి. ఇక్కత్‌లో బట్టకు కాకుండా నూలుకే రంగు వేస్తారు. నూలు చిలపలను చట్రానికి ఎక్కించి, గీసుకున్న డిజైను ప్రకారం అక్కడక్కడ బిగించి కట్టి (దీన్నే చిటికి కట్టడం అంటారు), కట్టిన మేర రంగు అంటకుండా ముంచి తీస్తారు. వ్యాట్ రకం రంగులకు కాస్టిక్ సోడా, హైడ్రోస్ అనే రసాయనాలు వాడతారు. చేతులకు తొడుగుల్లేకుండా ఈ పని చేసేవారి వేళ్లను ఒకసారి చూస్తే మిగతా ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి. పని అయ్యాక ఆ నీళ్లు వీధి కాలువలోకి పోతున్నాయా, ఇంటి వెనక గుంతలోకి పోతున్నాయా, ఆ గుంతకూ బోరుకూ మధ్య దూరం ఎంత అనేది సలహాదారు అడుగులతో కొలిచి రాయాలి. రంగు డబ్బా మీద తయారీదారు పేరు ఉందా, ఆ రంగు మన దేశంలో నిషేధించిన అజో రంగుల (ఒక రకం కృత్రిమ రంగుల) జాబితాలో లేదని చూపే కాగితం ఉందా అన్నది తరువాతి ప్రశ్న. సహజ రంగులకు మారితే సమస్య తీరిపోతుందని చెప్పే సలహాదారును కూడా కొంచెం ఆపి అడగాలి: రంగు పట్టడానికి పటిక వాడతారా, లేక మైలుతుత్తం, డైక్రోమేట్ వంటివి వాడతారా? తరువాతివి వాడితే చెట్టు బెరడు నుంచి తీసిన రంగు అయినా కాలువలోకి విషమే పోతుంది.

రెండో చోటు కూలి లెక్క. ఇది చాలా నివేదికల్లో తప్పుగా ఉంటుంది, అందుకే ఒక ఊహా లెక్కతో చూపిస్తాను. ఒక పడుగు (మగ్గానికి నిలువుగా ఎక్కించే నూలు) మీద ఏడు చీరలు వస్తాయనుకుందాం, దానికి 21,000 రూపాయల కూలి, 35 రోజుల పని. మగ్గం మీద కూర్చున్న మనిషి రోజుకు 8 గంటల చొప్పున 280 గంటలు పనిచేస్తే గంటకు 75 రూపాయలు వచ్చినట్టు నివేదికలో రాస్తారు. కానీ ఆ ఇంట్లోనే ఇంకొకరు ఆసు పోసి, కండెలు చుట్టి, చిటికి కట్టడానికి రోజుకు 5 గంటలు వెచ్చిస్తే మరో 175 గంటలు కలుస్తాయి. మొత్తం 455 గంటలకు పంచితే గంటకు 46 రూపాయలే. కూలి అదే, పేరు ఒక్కరిదే, పని మాత్రం ఇద్దరిది. ఆసు పోయడంలో నూలును మేకుల చుట్టూ చేత్తో వేల సార్లు తిప్పాలి, భుజాలు పడిపోతాయి. తన తల్లి పడే ఆ బాధ చూసే చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కాబట్టి మీ సలహాదారు సమర్పించే కూలి పట్టికలో ఆసుకు, చిటికికి విడిగా గడులు ఉండాలని ముందే చెప్పండి. గడి లేకపోతే ఆ పని లేనట్టే అవుతుంది.

కార్బన్ లెక్క దగ్గర మాత్రం తక్కువ సమయం చాలు. మన కార్యాలయపు కరెంటు బిల్లు, డెలివరీ బండి డీజిలు లెక్కించి పెద్ద పట్టిక చూపించడం సులువు, కానీ దుస్తుల వ్యాపారంలో ఉద్గారాల్లో పెద్ద వాటా ఇతరుల చేతుల్లో, అంటే పత్తి పొలం, నూలు మిల్లు, రంగులద్దకం, రవాణా దగ్గర ఉంటుంది. చేతి మగ్గానికి కరెంటు అక్కర్లేదు, మిల్లుకు కావాలి. అందువల్ల మిల్లును అడగాల్సిన నాలుగైదు ప్రశ్నలు రాసిపెట్టించుకుంటే మొదటి ఏడాదికి సరిపోతుంది.

ఇప్పుడు మన వైపు పని. ఇక్కత్‌లో డిజైను మగ్గం మీద కాక నూలు మీదే తేలిపోతుంది కాబట్టి, చిటికి కట్టి రంగు వేశాక "అంచు ఇంకాస్త ముదురుగా ఉంటే బాగుండు" అని ఫోన్ చేస్తే ఆ నూలు, ఆ రోజుల శ్రమ బూడిదలో పోసినట్టే. ఆ నష్టం ఎవరు భరిస్తున్నారో సలహాదారు పాత ఆర్డర్లు తిరగేసి చెప్పాలి. చిటికి మొదలయ్యే తేదీ తరువాత మార్పు కోరితే కూలి పూర్తిగా చెల్లిస్తామని ఆర్డరు కాగితం మీదే ఒక వాక్యం చేర్చించండి. వానాకాలంలో గుంత మగ్గంలోకి చెమ్మ ఎక్కుతుంది, రంగు వేసిన నూలు ఆరదు. దసరా, దీపావళి సరుకును జూలైలో ఆర్డరిచ్చి సెప్టెంబరులో అడగడం అంటే ఆ చెమ్మలో రాత్రిళ్లు కూర్చోబెట్టడమే. చెల్లింపుల విషయానికొస్తే, 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం నమోదైన సూక్ష్మ, చిన్న ఉత్పత్తిదారులకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి డబ్బు ఆపకూడదు. మీ రిజిస్టరులో గత పన్నెండు నెలల సగటు ఎన్ని రోజులో ఒక్క అంకె తీయించండి. నా అనుభవంలో యజమానులను ఎక్కువగా ఇబ్బంది పెట్టే అంకె అదే.

ఇదంతా అయ్యాకే లేబుల్ మీద ఏం రాయాలన్న చర్చ రావాలి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో జారీచేసిన మార్గదర్శకాల ప్రకారం "పర్యావరణ హితం", "గ్రీన్" వంటి మాటలు వాడితే వాటికి స్పష్టమైన వివరణ, ఆధారం ఉండాలి. "సేంద్రియ పత్తి" అని రాయాలంటే కాగితం మన దగ్గర ఉన్నంత మాత్రాన చాలదు: మన దేశంలో సేంద్రియ పత్తి పేరుతో నకిలీ లావాదేవీ పత్రాలు నడిచాయని జీఓటీఎస్ సంస్థే 2020లో బయటపెట్టింది. కాబట్టి పత్రం సంఖ్యను జారీచేసిన సంస్థ దగ్గరే సరిచూడమని సలహాదారుకు అప్పగించాలి. జీఓటీఎస్‌లో "సేంద్రియ" అన్న ముద్రకు 95 శాతం, "సేంద్రియ పదార్థాలతో చేసినది" అన్న ముద్రకు కనీసం 70 శాతం సేంద్రియ నార ఉండాలి, ఈ రెండింటిని కలిపి రాయకూడదు. ఇక చేనేత అన్న మాట. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చి చాలా ఏళ్లయినా అచ్చు వేసిన నకిలీలు కుప్పలుగా అమ్ముడవుతున్నాయి. బట్ట తిరగేసి చూస్తే అసలైనదానికి రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది, పూల అంచులు కొద్దిగా చెదిరినట్టు కనిపిస్తాయి. అచ్చు బట్టకు వెనక వైపు వెలిసినట్టుంటుంది. మన గోదాములో ప్రతి కట్ట నుంచి ఒక చీర తీసి ఇలా చూసే బాధ్యత ఎవరిదో పేరు రాసి పెట్టాలి.

ఏడాది తిరిగాక సలహాదారుతో ఒప్పందం పొడిగించాలా వద్దా అని చూసేటప్పుడు కొత్త నివేదిక అడగకండి. చెల్లింపుల సగటు రోజులు, చిటికి తరువాత మార్చమన్న ఆర్డర్ల సంఖ్య, ఆసు పని చేసేవారికి విడిగా అందిన కూలి, రంగు తొట్టి నీళ్లు పోయే చోటు, ఈ నాలుగింటినీ నిరుటి కాగితంతో పక్కపక్కన పెట్టించండి. ఏ ఒక్కటీ కదలకపోతే అదే డబ్బును పోచంపల్లిలో పది కుటుంబాలు కలిసి వాడుకునే ఒక రంగు నీళ్ల తొట్టి కట్టించడానికి పెట్టవచ్చు.