మొటిమలకు కారణం తిండా, విటమిన్ లోపమా: ఇంట్లో ఎలా తేల్చుకోవాలి?

మామిడిపండ్లు రాగానే "వేడి చేసింది" అని పండు మానిపించి, చలువ చేస్తుందని చక్కెర దండిగా వేసిన సగ్గుబియ్యం జావ తాగించే ఇళ్లను హైదరాబాదులో చాలా ఏళ్లుగా చూస్తున్నాను. సగ్గుబియ్యం దాదాపు పూర్తిగా పిండిపదార్థమే. దానికి చక్కెర తోడైతే రక్తంలో గ్లూకోజు ఒక్కసారిగా పెరుగుతుంది, దాన్ని దించడానికి ఇన్సులిన్ పెరుగుతుంది, ఆ ఇన్సులిన్‌తోపాటు చురుకయ్యే ఐజీఎఫ్-1 అనే హార్మోను చర్మంలోని జిడ్డు గ్రంథులను రెచ్చగొడుతుంది. అంటే మొటిమ తగ్గాలని ఇచ్చిన జావే మొటిమను పెంచే అవకాశం ఉంది. ఆహార సలహా కోసం నా దగ్గరికి వచ్చేవారు ఇదే పొరపాటును రకరకాల రూపాల్లో చేసి వస్తుంటారు కనుక, నేను పాటింపజేసే వరుసను ఇక్కడ రాస్తున్నాను.

లోతైన గడ్డలు లేచి మచ్చలు పడుతున్నవారు, నెలసరి క్రమం తప్పడంతోపాటు గడ్డం మీద మొటిమలూ వెంట్రుకలూ వస్తున్నవారు ఈ పద్ధతితో కాలయాపన చేయకుండా ముందు చర్మవైద్యుల దగ్గరికి వెళ్లాలి.

మిగిలినవారికి కావలసినవి ఒక నోటు పుస్తకం, ఒక పెన్ను, కిటికీ పక్కన పగటి వెలుతురు పడే అద్దం. మొదటి వారం తిండిలో ఏమీ మార్చకుండా, తిన్నది తిన్నట్టు, తాగిన చాయ్ కప్పులతో సహా రాయాలి. ఆదివారం ఉదయం ముఖం కడుక్కున్నాక నల్లమొనలు (బ్లాక్‌హెడ్స్), తెల్లమొనలు (వైట్‌హెడ్స్), ఎర్ర మొటిమలు, చీము మొటిమలు విడివిడిగా లెక్కపెట్టి అంకె వేయాలి. ఆడపిల్లలు నెలసరి తేదీలు కూడా రాసుకోవాలి, ఎందుకంటే చాలామందికి దానికి ముందు వారంలో మొటిమలు వాటంతటవే పెరుగుతాయి. ఫోనులో ఫొటోలు తీసుకుంటే సరిపోదా అని అందరూ అడుగుతారు. సరిపోదు, ఒకరోజు ట్యూబ్‌లైటు, ఒకరోజు ఎండ, పైగా కొన్ని ఫోన్లు అడగకుండానే ముఖాన్ని నునుపు చేసి చూపిస్తాయి. వేలుపెట్టి లెక్కించిన అంకెకు ఆ మాయ తెలియదు.

రెండవ వారం నుంచి పన్నెండు వారాలపాటు ఒక్కటంటే ఒక్కటే మార్చాలి, అది కూడా చక్కెర, త్వరగా అరిగే పిండితోనే మొదలుపెట్టాలి. ఇందుకు ఆధారం ఉంది. 2007లో ఆస్ట్రేలియాలో 43 మంది యువకులతో 12 వారాలు జరిపిన ప్రయోగంలో గ్లైసీమిక్ భారం (తిన్నది రక్తంలో గ్లూకోజును ఎంత పెంచుతుందో చెప్పే కొలత) తక్కువగా ఉన్న ఆహారం తిన్నవారికి మొటిమలు రెండవ బృందంకంటే ఎక్కువగా తగ్గాయి. హైదరాబాదీ లెక్కలో చెప్పాలంటే, రోజుకు నాలుగు ఇరానీ చాయ్‌లు, వాటితో ఉస్మానియా బిస్కట్లు, సాయంత్రం కూల్‌డ్రింకు పక్కనపెట్టాలి. ఉదయం బ్రెడ్డు బదులు పెసరట్టు, రాత్రి తెల్లన్నం బదులు జొన్నరొట్టె తినాలి. మధ్యాహ్నం అన్నం సగానికి తగ్గించి, పప్పు, కూర రెట్టింపు వడ్డించుకోవాలి. ఆదివారం బిర్యానీని నేను మానిపించను, ఒక పూట బిర్యానీతో కొంప మునగదు.

పాలు, ముఖ్యంగా వెన్న తీసిన పాలు, మొటిమలతో ముడిపడి ఉన్నట్టు పరిశీలనలు చెబుతున్నాయి కానీ, చక్కెర పరీక్ష ముగియకముందే పాలు కూడా ఆపితే ఏది పనిచేసిందో తేలదు. జిమ్ముకు వెళ్లేవారు వాడే, పాల నుంచి తీసే వే ప్రొటీన్ పొడిని మాత్రం, ఈ నియమాలకు మినహాయింపుగా, మొదటి రోజే ఆపాలి. పెరుగు ఎవరూ మానకూడదు.

అసలు చిక్కంతా మూడవ మెట్టులో, అంటే విటమిన్ల దగ్గర ఉంది. మొటిమలున్నవారిలో విటమిన్ డి, జింకు తక్కువగా ఉన్నట్టు కొన్ని అధ్యయనాల్లో కనిపించినా, ఆ లోటే మొటిమలను పుట్టించిందని దాని అర్థం కాదు. పోషకాహార లోపం చర్మంపై గరుకు బొడిపెలుగా తేలే జబ్బు వేరే ఉంది; దాన్ని ఫ్రినోడెర్మా, అంటే కప్ప చర్మం అంటారు, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ దశాబ్దాల క్రితమే దానిపై పరిశోధించింది. అయితే అది ప్రధానంగా మోచేతులు, మోకాళ్లపై వస్తుంది.

లోటుకంటే ఎక్కువగా నేను చూసింది మాత్రలు తెచ్చిపెట్టిన మొటిమలనే. అమీర్‌పేటలో హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకునే ఒక అమ్మాయి, నీరసంగా ఉందని ఎవరో చెప్పగా, పరీక్ష ఏదీ లేకుండా బి12 సూదులు వేయించుకుంది. రెండు వారాల్లో నుదురు, గడ్డం నిండా ఆవగింజల్లా ఒకే పరిమాణంలో బొడిపెలు వచ్చాయి. మామూలు మొటిమలు చిన్నా పెద్దా కలిసి ఉంటాయి. ఇలా అచ్చుగుద్దినట్టు ఒకేలా, హఠాత్తుగా వస్తే కొత్తగా మొదలుపెట్టిన మందును అనుమానించాలి. చర్మంపై నివసించే మొటిమల బాక్టీరియా తీరును బి12 మార్చగలదని 2015లో అమెరికా పరిశోధకులు చూపారు. అలాగని, నిజంగా బి12 లోపం ఉన్న శాకాహారులు ముఖం కోసం వైద్యులను అడగకుండా మందు ఆపకూడదు, ఆ లోపం నరాలను దెబ్బతీస్తుంది.

కనుక ముందు రక్తపరీక్ష, తరువాతే మాత్ర. హిమోగ్లోబిన్, బి12, 25-హైడ్రాక్సీ విటమిన్ డి చూపించుకుంటే చాలు. జుట్టు కోసం బయోటిన్ వాడుతున్నవారు ఆ సంగతి ల్యాబులో చెప్పి, కనీసం రెండు రోజుల ముందు ఆపాలి, లేకపోతే థైరాయిడ్ వంటి కొన్ని ఫలితాలు తారుమారవుతాయి. విటమిన్ డి 60,000 యూనిట్ల మోతాదును సాధారణంగా వారానికి ఒకసారి రాస్తారు. చీటీ సరిగా చదవక రోజుకొకటి మింగినవారిని చూశాను. అలా కొనసాగితే రక్తంలో కాల్షియం పెరిగి వికారం, విపరీతమైన దాహం, మలబద్ధకం వస్తాయి.

జింకు మాత్ర పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పుతుంది, ఎక్కువకాలం మోతాదు మించితే శరీరంలో రాగి తగ్గుతుంది. అందుకే నేను మొలకెత్తిన శనగలు, నువ్వులు, పులిసిన పిండి ఇడ్లీలు తినమంటాను. మొలకెత్తినా పులిసినా గింజల్లో జింకును పట్టి ఉంచే ఫైటేటు తగ్గుతుంది. విటమిన్ ఎ మాత్రల జోలికి మాత్రం ఎవరూ వెళ్లకూడదు. మొటిమలకు వైద్యులు రాసే ఐసోట్రెటినాయిన్ ఆ కోవకు చెందినదే, రెండూ కలిస్తే విషప్రభావం పెరుగుతుంది, గర్భిణులకు రెండింటిలో ఏదైనా ప్రమాదమే. మునగాకు, తోటకూర, క్యారెట్ ఎంత తిన్నా ఆ భయం లేదు.

పన్నెండు వారాల మార్పు పూర్తయ్యాక మొదటి ఆదివారం అంకెనూ, చివరి అంకెనూ పక్కపక్కన పెట్టి చూడాలి. బాగా తగ్గితే, మానేసినదాన్ని రెండు మూడు వారాలు మళ్లీ తిని చూడాలి; అంకె మళ్లీ పెరిగితే దోషి దొరికినట్టే. తేడా ఏమీ లేకపోతే చక్కెర మీద అనుమానం వదిలేసి, పాలతో అదే లెక్క మళ్లీ మొదలుపెట్టాలి. అదీ తేలకపోతే చర్మవైద్యుల దగ్గరికి ఆ నోటు పుస్తకం వెంట తీసుకెళ్లాలి, దాని మొదటి పేజీలో ఇంతవరకు వాడిన మాత్రలు, పొడులు, సూదుల పేర్లన్నీ తేదీలతో రాసి ఉండాలి.