ఇల్లు ఖాళీ చేయమని నోటీసు: రాయడం తేలికే, అందినట్టు రుజువే ముఖ్యం

ఖాళీ చేయమని నెలల తరబడి నోటితో చెప్పి, చివరికి ఓపిక నశించి మధ్యవర్తుల చేతిలో డబ్బు పోసే ఇంటి యజమానులు అనంతపురంలో తక్కువేమీ లేరు. నోటిమాట కోర్టులో నిలవదు. నోటీసు రాతపూర్వకంగా ఉండాలి.

ముందు అగ్రిమెంటు చదవండి. గడువు అందులో ఉంటే అదే వర్తిస్తుంది. ఏ ఒప్పందమూ లేకుండా నెలనెలా బాడుగ తీసుకునే ఇల్లయితే, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షను ప్రకారం 15 రోజుల గడువు ఇవ్వాలి. అద్దెదారు పేరు, డోరు నంబరు, ఖాళీ చేయాల్సిన గడువు రాసి మీరు గానీ మీ న్యాయవాది గానీ సంతకం చేస్తే చాలు. స్టాంపు పేపరు అక్కర్లేదు. దాని పేరు చెప్పి వేలల్లో అడిగితే ఇవ్వకండి.

చాలామంది దెబ్బతినేది ఆ తర్వాతే. ఆ 15 రోజులు మీరు నోటీసు రాసిన తేదీ నుంచి కాదు, అద్దెదారుకు అందిన తేదీ నుంచి లెక్క. కాబట్టి అందినట్టు సంతకం వచ్చేలా పోస్టులో పంపి, రసీదు, నోటీసు నకలు దాచుకోండి. అద్దెదారు తీసుకోకపోతే కవరు తిరిగి వస్తుంది. కోపంతో దాన్ని చించేయకండి! ‘తీసుకోవడానికి నిరాకరించారు’ అని పోస్ట్‌మ్యాన్ కవరు మీద రాసిన ఆ ఒక్క వాక్యం, పక్కన తేదీ ముద్ర మీకు పెద్ద అండ. చిరునామా సరిగ్గా ఉంటే, నిరాకరించిన నోటీసును సాధారణంగా అందినట్టే కోర్టులు పరిగణిస్తాయి. నేరుగా ఇస్తే నకలు మీద సంతకం చేయించుకోండి. ఆ ఇంట్లో కుటుంబసభ్యులకు ఇచ్చినా చెల్లుతుంది.

గడువు దాటాక ఎప్పటిలాగే బాడుగ తీసుకుంటే, నోటీసును మీరే వదులుకున్నారని అవతలివారు వాదించవచ్చు. తీసుకోక తప్పకపోతే, నోటీసుకు కట్టుబడే తీసుకుంటున్నట్టు రసీదులో రాయండి.

అప్పటికీ కదలకపోతే న్యాయవాది ద్వారా కోర్టుకు వెళ్లాల్సిందే. తాళం మార్చడం, సామాను బయట పెట్టడం, కరెంటు తీయించడం మాత్రం చేయకండి. చట్టప్రకారం కాకుండా వెళ్లగొడితే, అద్దెదారు ఆరు నెలల్లోగా దావా వేసి ఇంటిని తిరిగి స్వాధీనం చేసుకోవచ్చు.

ఫీజు భారమనిపిస్తే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. ఆ హక్కు అద్దెదారులకూ ఉంది.